పాలూ విరిగాయి: తెలుగు వీరగాథల్లో వీరుణ్ణి కొలిచిన కొలతలు

యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాడికి ముందు స్నానం, తర్వాత భోజనం. 13వ శతాబ్దపు నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో సేనాని అయిన ఖడ్గతిక్కన ఇంట్లో ఆ రెండూ సిద్ధంగానే ఉన్నాయి. కాకపోతే నీళ్ళు తోడిన చోట చాటుకు ఒక మంచం నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టి ఉంచారు. ఆడవాళ్ళ స్నానానికి చేసే ఏర్పాటు అది. ఇదేమిటని అడిగితే భార్య చానమ్మ చెప్పిన జవాబుగా ఒక కంద పద్యం ఈనాటికీ నోళ్ళలో నానుతోంది:

పగఱకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకు లెందున్
ముగు రాడువార మైతిమి
వగ పేటికి జలకమాడ వచ్చినచోటన్

శత్రువుకు వెన్నిస్తే మగవాళ్ళు నవ్వరా? అత్తగారు, నేను, ఇప్పుడు నువ్వు: ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమయ్యాం, స్నానానికొచ్చిన చోట ఇంకా బాధెందుకు, అని అర్థం. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. పాలు ఇలా ఉన్నాయేమిటంటే ఆమె చెప్పిందీ కందమే:

అసదృశముగ నరివీరుల
పసమీరగ గెలువలేక పందక్రియన్ నీ
వసి వైచి విరిగి వచ్చిన
పసులున్ విరిగినవి తిక్క! పాలున్ విరిగెన్

ఈ రెండో పద్యమంతా ‘విరుగు’ అనే ఒక్క క్రియ మీద నిలబడింది. కొమ్మ విరుగుతుంది, ఎముక విరుగుతుంది, పులుపు తగిలితే పాలు విరుగుతాయి. పాత తెలుగులో సేన కూడా విరుగుతుంది, అంటే ఓడి పారిపోతుంది. పందలా (‘పంద’ అంటే పిరికివాడు) కత్తి పారేసి నువ్వు విరిగొచ్చావు, నిన్ను చూసి పశువులూ విరిగాయి, గిన్నెలో పాలూ విరిగాయి. ఈ శ్లేషను మరో భాషలోకి దింపడం కష్టం. తెలుగింటి వంటగదిలో పుట్టిన మాట కాబట్టే అది అంత లోతుగా దిగింది.

అయితే తల్లి పోలిక ఒక్కచోట పొసగదు. విరిగిన పాలు మళ్ళీ కూడవు. తిక్కన మళ్ళీ వెళ్ళాడు, ఆ పోరులోనే చచ్చిపోయాడు. చాటువులు చెప్పే కథ అంతే.

చాటువులు నోటి నుంచి నోటికి వచ్చినవి. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో అక్షరాలా ఇవే మాటలు పలికారని వీటిని పట్టుకుని వాదించడం పొరపాటు. ఇవి సాక్ష్యం చెప్పేది జరిగిన సంఘటన గురించి కాదు, కొలమానం గురించి. వీరుడు గెలిచాడా, ఎంతమందిని చంపాడు అన్నవి ఆ పద్యాల్లో పెద్ద లెక్కలోకి రావు. వీపు ఎటు తిరిగిందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న వేసేది శత్రువు కాదు, రాజు కూడా కాదు, ఇల్లు.

ఇది తెలుగు నేలకే చెందిన కొలత కాదు. తమిళ సంగం సాహిత్యంలో పురనానూరు 278వ పద్యంలో ఒక ముసలి తల్లి ఉంది. నీ కొడుకు వెన్ను చూపి చచ్చాడని ఎవరో అంటే, అదే నిజమైతే వాడికి పాలిచ్చిన రొమ్ము కోసేసుకుంటానని కత్తి పట్టుకుని యుద్ధభూమికి వెళ్తుంది. శవాలను తిరగేసి వెతుకుతుంది. తునకలై పడి ఉన్న కొడుకును చూసి, వాణ్ణి కన్ననాటి కన్నా ఎక్కువ సంతోషపడుతుంది. ప్రోలమ్మ గిన్నెలో పాలు, ఈ తల్లి రొమ్ము పాలు. రెండుచోట్లా పాలే తూకపు రాయి కావడం యాదృచ్ఛికం అనిపించదు. వంశం ఆడదాని శరీరం గుండా వస్తుంది కాబట్టి పరువు లెక్క కూడా ఆమె చేతికే వచ్చింది. ఈ లెక్కలో ఆడవాళ్ళకు అధికారం దక్కిందని మురిసిపోయే ముందు, ‘ముగురాడువారమైతిమి’ అన్నది తిట్టుగా పనిచేస్తోందని కూడా గుర్తుంచుకోవాలి. తీర్పు చెప్పేది ఆడది, అందులో తిట్టు పదమూ ‘ఆడది’ అన్నదే.

గడ్డి కోసం మొదలైన యుద్ధం

ఖడ్గతిక్కన వెనక్కి వచ్చింది ఏ పోరు నుంచి? కాటమరాజు కథల ప్రకారం అది పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర జరిగిన పోరు. అవతలి పక్షం మరో రాజు కాదు, ఆవుల మందలున్న యాదవులు. కారణం పుల్లరి, అంటే పచ్చిక మేపుకున్నందుకు కట్టే పన్ను. కథల్లో ఒప్పందం ఇలా ఉంటుంది: కాటమరాజు మందలు నెల్లూరు రాజ్యంలో ఏడాది పాటు మేస్తాయి, బదులుగా ఆ ఏడాది పుట్టిన కోడెదూడలు రాజుకు చెందుతాయి. ఆ ఏడు వానలు లేవు, గడ్డి ఎండిపోయింది, మందలు పైర్ల మీద పడ్డాయి. ఒప్పుకున్న కోడెలు ఇవ్వాల్సిందేనని రాజు పట్టు. గడ్డే మొలవనప్పుడు కౌలు దేనికని కాటమరాజు పట్టు.

ఇక్కడ ఎవరిది తప్పని తేల్చడం ఏ పంచాయతీకైనా తలనొప్పే. ఒప్పందంలో కరువు గురించిన మాట లేదు. కథ నడిచేది ఆ ఖాళీలోనే.

ఈ పోరుకు రెండు సాహిత్యాలు ఉన్నాయి. నెల్లూరు వైపు నుంచి ఖడ్గతిక్కన వాళ్ళ మంత్రుల కుటుంబం చుట్టూ పుట్టిన చాటువులు. అవతలి వైపు నుంచి కొమ్ము ఊదుతూ రాత్రుళ్ళు చెప్పే కాటమరాజు కథల మాల. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన ఆ కథలు 1970లలో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. చాటువుల్లో యుద్ధం రెండు పద్యాల దూరంలో ముగుస్తుంది, ఇంటి మర్యాద నిలబడితే చాలు. కొమ్ము కథలకు అది చాలదు. ఆవుల పేర్లు, ఎద్దు పౌరుషం, గంగతో ఒడంబడికలు, ఎవరి తర్వాత ఎవరు కూలారన్న వరస, అన్నీ కావాలి. పద్యం వీరుణ్ణి ఒంటరిగా చూపిస్తుంది, గాథ మందతో సహా చూపిస్తుంది. ఒక్క పోరుకు ఇలా రెండు వైపుల సాహిత్యం మిగలడం అరుదు, చదివేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే లాభం.

పశువులే ఎందుకు? రాతినేలలు, చిట్టడవులు ఉన్న సీమల్లో ఎత్తుకుపోగల ఆస్తి అదొక్కటే. పంట కోసేదాకా కాదు, భూమి కదలదు. మంద మాత్రం రాత్రికి రాత్రి ఎల్లలు దాటుతుంది. అందుకే ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చనిపోయినవాడు పల్లెకు మొదటి వీరుడు. పల్నాటి కథలోనూ వనవాసంలో ఉన్న మాచర్ల వాళ్ళ మంద మీద దాడి జరుగుతుంది, దాన్నే మందపోరు అంటారు. పుల్లరి అన్న మాట కూడా అంత తేలిగ్గా చావలేదు. 1922లో అదే పల్నాడులో బ్రిటిషు ప్రభుత్వం వేసిన పుల్లరికి ఎదురుతిరిగి కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు.

ఉత్తరుడికి జరిగిన అన్యాయం

ఖడ్గతిక్కన వరుసకు సోదరుడైన కవి తిక్కన, అదే మనుమసిద్ధి కాలంలో, భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ పర్వంలో నడిచేది కూడా పశువుల దోపిడీయే. దక్షిణ గోగ్రహణం, ఉత్తర గోగ్రహణం. అందులో ఉన్నాడు వెనక్కి పారిపోయినవాళ్ళలో కెల్లా పేరుపొందినవాడు, ఉత్తరుడు.

అంతఃపుర స్త్రీల ముందు సారథి ఒక్కడు దొరికితే కౌరవులను చీల్చి చెండాడతానని అంటాడు. బృహన్నల రథం తోలి సేన కనపడే చోటికి తీసుకెళ్ళగానే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, రథం దూకి పరుగెత్తుతాడు. జడ ఊగుతుంటే బృహన్నల వెంటపడి, వంద అడుగుల్లో జుట్టు పట్టుకుంటాడు. సంస్కృత మూలంలో ఉత్తరుడు వదిలెయ్యమని చూపే లంచం లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది: వంద బంగారు నిష్కాలు, ఎనిమిది వైడూర్యాలు, ఒక రథం, పది మదపుటేనుగులు. భయంలో కూడా రాజకుమారుడికి ధరలు గుర్తున్నాయి. వ్యాసుడి హాస్యం అక్కడుంది.

‘ఉత్తరకుమారుడి ప్రగల్భాలు’ అనే మాట ఇప్పటికీ ఏ ఎన్నికల సభ తర్వాతైనా వినిపిస్తుంది. కానీ ఆ నుడికారం కథను సగంలో ఆపేసింది. కురుక్షేత్రంలో మొదటి రోజే ఉత్తరుడు ఏనుగెక్కి శల్యుడి రథం మీదికి వెళ్ళాడు, శల్యుడు విసిరిన శక్తి తగిలి చచ్చిపోయాడు. ఈసారి దూకలేదు, పరుగెత్తలేదు. పారిపోయి తిరిగొచ్చి చనిపోయిన ఖడ్గతిక్కన వీరుడుగా మిగిలాడు, అదే పని చేసిన ఉత్తరుడు సామెతగా మిగిలాడు. తేడా ఎక్కడుంది? ఉత్తరుడు ప్రమాదం ఎంతో తెలియకుండా మాట ఇచ్చాడు. మాటకు, తెలివిడికి మధ్య ఉన్న ఆ ఎడం నవ్వు తెప్పిస్తుంది. వీరగాథల నిర్మాణంలో ఇది ముఖ్యమైన కీలు, కాబట్టి కాస్త ఆగి చూడాలి.

దాదాపు ప్రతి గట్టి వీరకథలోనూ హెచ్చరించేవాడు ఒకడుంటాడు. బలికి శుక్రుడు. వచ్చినవాడు వామనుడు కాదు విష్ణువు, ఇస్తే సర్వం పోతుందని ముందే చెప్తాడు. పోతన బలి ‘కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?’ అని అన్నీ తెలిసే జవాబిస్తాడు. ఫ్రెంచివాళ్ళ రోలాన్ గీతంలో ఆలివర్ ఉన్నాడు. శత్రువులు లెక్కకు మిక్కిలి, కొమ్ము ఊది రాజును పిలవమని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, రోలాన్ ఊదనంటాడు. అందరూ పోయాక ఊదుతాడు, అప్పటికి పనికిరాదు. ఆ కావ్యం రోలాన్‌ను శూరుడనీ, ఆలివర్‌ను వివేకి అనీ ఒకే పాదంలో చెప్పి ఊరుకుంటుంది, ఎవరి వైపూ తీర్పు చెప్పదు. హెచ్చరిక లేకపోతే వీరుడు అమాయకుడు మాత్రమే. హెచ్చరిక విని, అర్థం చేసుకుని, అయినా కదిలితేనే కథకు బరువు. ఉత్తరుణ్ణి మొదటిసారి ఎవరూ హెచ్చరించలేదు, అంతఃపురంలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఎర్రకళ్ళ పొరపాటు

అలంకారశాస్త్రం దీన్ని తన భాషలో చెప్పింది. భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో వీరరసానికి స్థాయీభావం, అంటే రసానికి పునాదిగా నిలిచే భావం, ఉత్సాహం. కోపం కాదు. కోపం స్థాయీభావమైతే అది రౌద్రం. వీరానికి కారణాలుగా భరతుడు చెప్పినవాటిలో తొట్రుపాటు లేకపోవడం, నిశ్చయం, నీతి, వినయం, బలం, పరాక్రమం ఉన్నాయి. కండబలం కన్నా ముందు నిశ్చయమూ వినయమూ రావడం గమనించాలి. వీరాన్ని దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని మూడుగా విభజించింది నాట్యశాస్త్రం. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు దయావీరాన్ని కలిపి నాలుగు చేశాడు. పాము బదులు తన ఒంటిని గరుత్మంతుడికి అప్పగించిన జీమూతవాహనుడు అలాంటివాడు.

యుద్ధవీరానికి, రౌద్రానికి పైకి కనిపించే సరంజామా ఒకటే: ఆయుధం, శత్రువు, గర్జన. మరి ఎలా పోల్చుకోవాలి? విశ్వనాథుడు ఒక తేలిక గుర్తు ఇచ్చాడు. మొహమూ కళ్ళూ ఎర్రబడితే అది రౌద్రం, యుద్ధవీరం కాదు. మన పౌరాణిక నాటకాల్లోనూ, తర్వాత తెర మీదా తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. వీరుడనగానే కళ్ళల్లోకి రక్తం తెచ్చుకుని, నరాలు ఉబ్బించి అరుస్తారు. శాస్త్రం లెక్కలో అది భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చేటప్పటి పని. రథం మీద తొణకకుండా నిలబడి, గాండీవం తీసి, ఉత్తరుడికి ఎదుటి జెండాలు ఒక్కొక్కటే చూపించి ఎవరు ఎవరో చెప్పే అర్జునుడిది వీరం. ఒక పద్యం ఏ రసమో తేల్చాలంటే వీరుడి మాటలో తిట్లు ఎన్ని, నిర్ణయాలు ఎన్ని అని లెక్కపెట్టినా చాలావరకు సరిపోతుంది.

యుద్ధానికి నియమాలు కూడా అలాంటివే. భీష్మపర్వం మొదట్లో రెండు పక్షాలూ ఒప్పుకున్నవి: రథికుడు రథికుడితో, ఏనుగు మీదివాడు ఏనుగు మీదివాడితో, గుర్రం గుర్రంతో, కాలిబంటు కాలిబంటుతో. మరొకరితో పోరుతున్నవాణ్ణి, ఏమరుపాటున ఉన్నవాణ్ణి, వెనుదిరిగినవాణ్ణి, ఆయుధమో కవచమో పోయినవాణ్ణి కొట్టకూడదు. సారథులను, బరువు మోసే పశువులను, ఆయుధాలు అందించేవాళ్ళను, భేరీలు శంఖాలు మోగించేవాళ్ళను ముట్టకూడదు. జాబితా ఘనంగానే ఉంది. 10వ రోజు శిఖండి వెనక నుంచి భీష్ముడు పడ్డాడు. 13వ రోజు అభిమన్యుణ్ణి చాలామంది కమ్ముకున్నారు. 14వ రోజు మరొకరితో పోరుతున్న భూరిశ్రవుడి చెయ్యి తెగింది. 15వ రోజు అబద్ధంతో ద్రోణుడు, 17వ రోజు నేలలో దిగిన చక్రం దగ్గర కర్ణుడు, 18వ రోజు నాభి కింద దెబ్బతో దుర్యోధనుడు. నియమాలు ఉల్లంఘన కోసమే రాసినట్టుంటాయని ఎవరైనా వెటకారం చేయొచ్చు. కానీ గీత గీసి ఉండకపోతే దాటినట్టు తెలిసేది కాదు. భారతం ఆ గీతను చెరపదు, దాటిన ప్రతిసారీ దాటినవాడి చేతే సంజాయిషీ చెప్పిస్తుంది.

కారెంపూడి

తెలుగులో వీరగాథ అంటే చివరికి పల్నాడు దగ్గరికే రావాలి. 12వ శతాబ్దం చివర నలగాముడు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో, దాయాదులు విడిపోయారు. మంత్రులుగా నలగాముడి వైపు నాగమ్మ, మలిదేవుడి వైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు నాడు విడిచి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజును విషం పెట్టి చంపారు. కోడిపందెపు మోసాన్ని కథ ఎలాగో మింగుతుంది గానీ రాయబారి చావును మింగదు. గీత దాటింది అక్కడే, ఆ తర్వాత కారెంపూడి యుద్ధం తప్పలేదు.

ఈ కథకు అందరికీ తెలిసిన రూపం శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్ర. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించారు. అందులో ప్రధానంగా నడిచేది బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి యుద్ధం. శృంగారనైషధం రాసిన చేత్తో ఇది రాయడమేమిటని ఆశ్చర్యపడేవాళ్ళు దాని ఛందస్సు చూడాలి. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మాత్రల్లో లెక్కిస్తే 15 నుంచి 18 దాకా వస్తుంది, అంటే ఒక ఊపిరికి ఒక పాదం. మూడో గణం మొదట యతి, అక్కడ తాళం పడుతుంది. మామూలు ద్విపదలో రెండేసి పాదాలకు ప్రాస కలవాలి. వీరచరిత్రది ప్రాస నియమం లేని మంజరీ ద్విపద. పాడేవాడికి దీనివల్ల ఎంత వెసులుబాటో చెప్పలేం. ప్రాస ఉంటే రెండో పాదం మొదటిదానికి కట్టుబడి ఉంటుంది. అది లేకపోతే యుద్ధ వర్ణనలో పది పాదాలు పెంచొచ్చు, జనం లేవబోతుంటే పది తగ్గించొచ్చు, గొలుసు తెగదు. సీసపద్యంలో ఈ కథ రాసి ఉంటే అది పండితుల ఇళ్ళల్లోనే ఉండిపోయేది.

ఈ పాటలు జనం నోళ్ళలో ఉండేవని చెప్పడానికి, ఓరుగల్లు వీధుల్ని చూపించే క్రీడాభిరామం అనే రూపకంలో చక్కని సాక్ష్యం ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఊళ్ళో తిరుగుతూ ఒకామె వీరుల కథ పాడటం చూస్తారు:

ద్రుతతాళంబున వీరగుంభితకధుం ధుం ధుం కిటాత్కార సం
గతి వాయింపుచు నాంతరాళిక యతిగ్రామాభిరామంబుగా
యతి గూడం ద్విపదప్రబంధమున వీరానీకముం బాడె నొ
క్కత ప్రత్యక్షరముం గుమారకులు ఫీట్కారంబునం దూలగన్

వాయిద్యపు మోత పద్యంలోకే దిగింది. పాడుతున్నది ఆడమనిషి, అదీ ద్విపదలో. అక్షరం అక్షరానికీ కుర్రవాళ్ళు కేకలు పెడుతూ ఊగిపోతున్నారు. వీరసాహిత్యం ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి చిత్రం దొరకదు. అది చదివి పక్కన పెట్టే సరుకు కాదు, ఒంట్లోకి ఎక్కేది.

బాలచంద్రుడి ఘట్టంలో ఇంతవరకు చెప్పుకున్న కీళ్ళన్నీ ఒకచోట కనిపిస్తాయి. తల్లిదండ్రులు వాణ్ణి యుద్ధానికి దూరంగా ఉంచారు. బొంగరాలాడుతుంటే బొంగరం ఒక కోమటి పిల్లకు తగిలి గాయమవుతుంది. ఆమె మాట విసురుతుంది: మీవాళ్ళంతా కారెంపూడిలో ఉంటే నీ ప్రతాపం ఇక్కడా? ఖడ్గతిక్కన ఇంటి పసుపు ముద్ద చేసిన పనే ఈ మాటా చేసింది. తల్లి ఐతమ్మ వద్దని బతిమాలుతుంది, అది హెచ్చరిక. అప్పటిదాకా గడప తొక్కని భార్య మాంచాల ఇంటికి వెళ్తాడు, ఆమె వెనక్కి లాగదు, వీరతిలకం దిద్ది పంపుతుంది. వెంట వేర్వేరు కులాల తమ్ముళ్ళు. వాళ్ళలో బ్రాహ్మణుడైన అనపోతును చావు నుంచి తప్పించాలని ఏదో పని మిషతో దారిలోంచి వెనక్కి పంపుతారు. మోసం అర్థమైన అనపోతు తన కత్తితో తానే పొడుచుకుంటాడు. వెనక్కి పంపడం, ప్రేమతో పంపినా సరే, అవమానమే అన్నమాట. చానమ్మ సూత్రం ఇక్కడ ఎంత క్రూరమైన చివరికి వచ్చిందో చూడండి.

కారెంపూడిలో అప్పటికి సంధి మాటలు నడుస్తున్నాయి. బాలచంద్రుడు వచ్చి సంధి వద్దంటాడు, పోరు మొదలవుతుంది. ఈ ఒక్క విషయాన్ని దాటవేసి బాలచంద్రుణ్ణి పొగిడే ప్రసంగాలు చాలా వింటాం. కావ్యం మాత్రం దాటవేయలేదు. బ్రహ్మనాయుడు ఏళ్ళ తరబడి తప్పిస్తూ వచ్చిన యుద్ధాన్ని కొడుకు ఒక్క పూటలో తెచ్చి నెత్తిన పెట్టాడు. రోలాన్ ఊదని కొమ్ము, బాలచంద్రుడు తోసేసిన సంధి ఒకే జాతివి. వాడి ధైర్యం నిజం, దాని ఖరీదూ నిజం. కథ రెండూ చెప్తుంది, కూడిక మనకు వదిలేస్తుంది. చివరికి రెండు పక్షాల్లో వీరులు దాదాపు అందరూ పోతారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోతాడు. నలగాముడికి రాజ్యం మిగులుతుంది, ఏలడానికి మనుషులు మిగలరు.

ఈ కథను రాజుల యుద్ధంగా మాత్రమే చదివితే మరొకటి జారిపోతుంది. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు మాల. అన్ని కులాలూ ఒకే పంక్తిలో తినే చాపకూడు ఈ కథలో యుద్ధానికి సరిసమానమైన సాహసం. కత్తికి ఎదురెళ్ళడం కన్నా విస్తరి పక్క విస్తరి వేయడం ఆ కాలంలో తేలికేమీ కాదు. కథను ఈనాటికీ వృత్తిగా పాడుతున్న విద్యావంతులు కూడా ఆ మాల కులానికి చెందినవాళ్ళే. కత్తీ డాలూ పట్టుకుని, పంబజోడు అనే జంట డోళ్ళు మోగుతుంటే పాడతారు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ మౌఖిక రూపాన్ని రికార్డు చేసి, అనువదించి 1982లో ప్రచురించాడు. అచ్చు పుస్తకం బాలచంద్రుడితో సరిపెట్టుకుంటుంది, గాయకులు వీరుల పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెడతారు.

రాయి మీద

చనిపోయినవాడికి ఊరు రాయి నిలబెడుతుంది. వీరగల్లును పైనుంచి కిందికి చదవడం కొత్తగా చూసేవాళ్ళు చేసే మొదటి తప్పు. కింద నుంచి పైకి చదవాలి. మామూలుగా మూడు అరలుంటాయి. అన్నిటికన్నా కింద పోరు: వీరుడు, శత్రువు, పశువుల గొడవైతే మూలన ఆవులు. మధ్యలో అప్సరసలు ఇరువైపులా పట్టుకుని అతణ్ణి తీసుకెళ్తుంటారు. పైన లింగం ముందు కూర్చుని ఉంటాడు. ఆపైన సూర్యచంద్రులు, అవి ఉన్నంతకాలం ఇది ఉంటుందని. పేదూళ్ళలో అన్ని అరలు చెక్కించే స్తోమత ఉండదు, విల్లో కత్తో పట్టిన ఒక్క బొమ్మతో సరిపెడతారు. పక్కన గాజులున్న చెయ్యి ఒకటి పైకెత్తి కనిపిస్తే, భార్య కూడా చితి ఎక్కిందని గుర్తు. ఏ రాయి మీదా వీరుడు వీపు చూపడు.

శత్రువే లేని వీరత్వమూ ఉంది. శ్రీశైలంలో 1377లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం అలాంటి చోటు. భక్తులు తమ నాలుకలు, చేతులు, తలలు తామే కోసి మల్లికార్జునుడికి ఇచ్చుకునేందుకు కట్టిన మండపం అది. యుద్ధభూమి నుంచి వెన్ను చూపకపోవడం అన్న కొలత దేవుడి ఎదుటికి వచ్చేసరికి ఈ రూపం తీసుకుంది. దీన్ని వీరం కింద వేయాలా, బీభత్సం కింద వేయాలా అని అలంకారికులు తేల్చనే లేదు.

పల్నాడు గురించి ‘చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు’ అని వెక్కిరించిన చాటువు శ్రీనాథుడిదే అంటారు. ఆ వీరులు దివ్యలింగాలనీ, కారెంపూడి కాశీ అనీ చెప్పిన చాటువూ ఆయనదే అంటారు. నాపరాళ్ళ మధ్య ఆ చిల్లర దేవుళ్ళలో కొందరు ఆ యుద్ధంలో పడ్డవాళ్ళే కాబట్టి రెండు పద్యాలకూ పెద్ద వైరుధ్యం లేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊళ్ళ నుంచి వీరాచారం (పల్నాటి వీరులను కొలిచే ఆచారం) పాటించేవాళ్ళు కొణతాలని పిలిచే తమ పూర్వుల ఆయుధాలు భుజాన మోసుకొస్తారు, నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. మందపోరు నాడు చాపకూడు. కళ్ళిపాడు నాడు పాట చివరికొచ్చేసరికి, ఆయుధం పట్టినవాళ్ళు ఒక్కొక్కరే నేలకు ఒరుగుతారు.